చూపు లేని పాప సంగీతాన్ని నమ్ముకుని బతకగలదా? ఒక ఫిడేలు మాస్టారి సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివించుకుని విన్నాను. మీ పాపకు 11 ఏళ్లు, పుట్టుకతో చూపు లేదు. విన్న పాట విన్నట్టు పాడేస్తుంది. బంధువులేమో "చూపు లేని పిల్లలకు సంగీతమే దిక్కు, అందులో పెట్టెయ్యండి" అంటున్నారు. మీ ఊళ్లో పాఠాలు చెప్పే మాస్టారు "కళ్లు కనబడకపోతే నేనెలా నేర్పను?" అని పంపేశారు. ఈ పిల్ల సంగీతంతో బతకగలదా, నలుగురిలో గౌరవం ఉంటుందా అని మీ టెన్షన్.

నాకిప్పుడు 56 ఏళ్లు. నాలుగో ఏట తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. 30 ఏళ్లకు పైగా వయొలిన్ వాయిస్తున్నాను, 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో చూపు ఉన్నవాళ్లే ఎక్కువ. ఇల్లు కట్టుకున్నాను, కూతురి పెళ్లి చేశాను. కాబట్టి బతకగలదా అన్నదానికి నా జవాబు అవును అనే. గౌరవం సంగతి మాత్రం ఒక్క మాటలో తేలదు.

ముందు మీ బంధువుల మాట గురించి చెబుతాను. నేను అంధుల హాస్టల్లో చదువుకున్నాను. అక్కడ ప్రతి పిల్లాడినీ ఏదో ఒక వాద్యం ముందు కూర్చోబెట్టేవారు. నా పక్క మంచం మీద పడుకునే అబ్బాయికి శ్రుతి అస్సలు నిలిచేది కాదు. లెక్కలు మాత్రం ఎంత పెద్దవైనా నోటితో చేసేసేవాడు. వాణ్ణి నాలుగేళ్లు హార్మోనియం ముందు కూర్చోబెట్టి రోజూ తిట్టారు. తర్వాత వాడు డిగ్రీ చేసి, బ్యాంకు పరీక్ష రాసి, ఇప్పుడు ఆఫీసరుగా ఉన్నాడు. ఇప్పటికీ హార్మోనియం మోత వింటే కడుపులో తిప్పుతుందంటాడు. చూపు పోతే దేవుడు ఆ బదులుగా సంగీతం ఇస్తాడని జనం నమ్ముతారు. అలా ఏమీ ఉండదమ్మా. మేం చెవిని ఎక్కువ వాడతాం కాబట్టి అది పదునెక్కుతుంది, అంతే. అడుగుల చప్పుడు బట్టి ఎవరొచ్చారో చెప్పగలిగినంత మాత్రాన రీతిగౌళ రాగానికీ ఆనందభైరవి రాగానికీ తేడా తెలిసిపోదు. అది ఎవరైనా కూర్చుని నేర్చుకోవాల్సిందే.

అందుకని పాపను కొన్నాళ్లు గమనించండి. ఎవరూ వినని సమయంలో కూడా పాడుకుంటోందా? పాటలో ఒక సంగతి, అంటే ఒకే పంక్తిని మార్చి పాడే తీరు, సరిగ్గా పలకకపోతే తనంతట తనే వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ పాడుకుంటోందా? అలా చేస్తుంటే ఇంక ఆలోచించకండి, నేర్పించండి. చుట్టాలు వచ్చినప్పుడు పాడమంటే పాడి, మెచ్చుకోగానే ఆపేస్తుంటే ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు. ఈలోగా చదువు మాత్రం ఆపకండి. సంగీతం ఆ పిల్ల ఎంచుకున్నది కావాలి. వేరే దారులన్నీ మూసేసి ఇదొక్కటి తెరిచి ఉంచితే దాన్ని ఎంచుకోవడం అనరు.

ఇక ఆ మాస్టారి మాట. మన కర్ణాటక సంగీతాన్ని నేర్పడానికి కళ్లు కావాలని అనడం నాకు నిజంగా బాధ కలిగించింది. గురువు పాడతాడు, శిష్యుడు విని పాడతాడు. పుస్తకం చాలా తర్వాత వచ్చింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాల కథ ఆయన విన్నారో లేదో. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ అబ్బాయి నేర్చుకోవడానికి ఒక చోటు కావాలనే పూసపాటి విజయరామ గజపతిరాజు గారు 1919లో ఆ కళాశాల పెట్టారని మా వైపు చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. తర్వాతి కాలంలో ఘంటసాల గారు, సుశీల గారు అక్కడే చదువుకున్నారు. చూపు లేని ఒక పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది వెళ్లారో చూడండి. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా ఆ కళాశాల గోడను ఒకసారి చేత్తో తాకి వస్తాను.

ఆ కళాశాలలోనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఉండేవారు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటి నుంచీ కంటికి సరిగా ఆనేది కాదు, అందువల్ల బడి చదువు సాగలేదు. అన్నగారు ఫిడేలు నేర్పారు. విద్యార్థిగా చేరదామని విజయనగరం వెళితే, ఆయన వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారంటారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ. పక్కవాద్యంగానే ఉండే ఫిడేలును ముందు కూర్చోబెట్టి సోలో కచేరీలు చేశారు. జనం ఆయన్ని "ఫిడేలు నాయుడు గారు" అని పిలుచుకున్నారు తప్ప చూపు తక్కువాయన అని కాదు. మీ పాపకు నేను కోరుకునేది అలాంటి పిలుపే.

తల్లిగా మీకు ఇంకొకరి గురించి చెప్పాలి. చెన్నైలో వయొలిన్ విద్వాంసులు ఎం. చంద్రశేఖరన్ గారికి పసితనంలోనే చూపు పోయింది. ఆయనకు మొదటి గురువు తల్లి చారుబాల మోహన్ గారు. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని తానే నేర్పారు. 2005లో ఆయనకు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మీకు సంగీతం రాకపోయినా ఫర్వాలేదు. శ్రుతి పెట్టి, పాప పక్కన కూర్చుని, ఇది నిన్నటికంటే బాగుంది అని చెప్పగలిగితే సగం పని అయినట్టే.

వేరే మాస్టారు దొరికితే, ఆయనకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చాలామందికి నేర్పకూడదని ఉండదు, ఎలాగో తెలియక భయపడతారు.

తాళం చేత్తో చూపిస్తే మాకు కనబడదు. మా గురువుగారు నా అరచేతిని తన తొడ మీద పెట్టి, దాని మీద తాళం వేసేవారు. తాళంలో భాగాలైన లఘువులో వేళ్లు లెక్కించడం, ద్రుతంలో చెయ్యి తిప్పడం అన్నీ అలా చర్మానికి ఎక్కాయి. ఆది తాళం నాకు వారంలో వచ్చింది. వయొలిన్ నేర్చుకునేటప్పుడు ఆయన కమాను (తీగల మీద లాగే పుల్ల) పట్టుకుంటే ఆయన చేతి మీద నా చెయ్యి వేయించేవారు. మణికట్టు ఎక్కడ వదులవుతుందో, ఎక్కడ బిగుస్తుందో అలా తెలిసింది. ఆడపిల్ల కాబట్టి తాకి నేర్పే విషయంలో మీరు పక్కన ఉండండి, లేదా టీచరమ్మను చూసుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

స్వరాలు రాసుకోవడానికి బ్రెయిలీ చాలు. తెలుగు బ్రెయిలీలో స రి గ మ మామూలు అక్షరాల్లాగే రాసుకోవచ్చు. కింది స్వరాల మంద్ర స్థాయికి ఒక గుర్తు, పై స్వరాల తార స్థాయికి ఒక గుర్తు నేనూ మా గురువుగారూ కలిసి పెట్టుకున్నాం. వర్ణాలనే సాధన పాటలన్నీ అలా రాసి పెట్టుకున్న కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. బ్రెయిలీ లిపి చేసిన లూయీ బ్రెయిలీ కూడా చర్చిలో ఆర్గాన్ వాయించేవారు. 1829లో ఆయన వేసిన మొదటి పుస్తకంలోనే సంగీతం రాసుకునే పద్ధతి కూడా ఉంది. అందుకే ఆ ఆరు చుక్కలంటే నాకు మొదటి నుంచీ సొంత మనిషిలా అనిపిస్తుంది.

పాఠం మొత్తం ఫోన్‌లో రికార్డు చేసుకోనివ్వమని అడగండి. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి పాపకు ఫోన్ వాడటం ఇప్పుడే నేర్పండి. శ్రుతికి మాత్రం ఫోన్‌లో యాప్ కంటే గుండ్రటి మీటలున్న శ్రుతి పెట్టె కొనండి. చేత్తో తిప్పి తనే శ్రుతి పెట్టుకోవాలి, ప్రతిసారీ మిమ్మల్ని పిలవకూడదు. పెద్దయ్యాక రికార్డింగ్ వైపు వెళ్లాలనుకుంటే దానికీ దారి ఉంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒసారా అనే ఉచిత అనుబంధం ఉంది. కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో కలిపి వాడితే తెర చూడకుండా ట్రాకులన్నీ ఎడిట్ చేసుకోవచ్చు. నా శిష్యుడొకడు అలాగే భజన పాటలు రికార్డు చేసి ఇస్తున్నాడు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. చూపు లేని పిల్లలు పాడుతూ తల ఊపేస్తారు, లేదా గడ్డం గుండెకు ఆన్చి పాడతారు. నాకూ ఆ అలవాటు ఉండేది. ఎదుటివాళ్లు ఎలా కూర్చుంటారో మేం చూడం కాబట్టి మాకు తెలియదు. జాలిపడి ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి, ప్రేమగానే గానీ తప్పకుండా చెప్పండి. తల వంచితే గొంతు నొక్కుకుపోతుంది, మైకు ఒక చోట, నోరు ఒక చోట అవుతాయి. స్టేజీ ఎక్కగానే మైకు స్టాండును చేత్తో తడిమి, గడ్డానికి పిడికిలి దూరంలో ఉందో లేదో చూసుకోవడం నేర్పండి. పక్కవాద్యం వాళ్లతో ముందే ఒప్పందం చేసుకోవాలి. మామూలుగా పాడేవాళ్లు మృదంగం వైపు ఒక చూపు చూస్తే చాలు, మృదంగం ఒక్కటే వాయించే తని మొదలైపోతుంది. మాకు ఆ చూపు లేదు కాబట్టి ఒక మాటో, తొడ మీద ఒక దరువో గుర్తుగా పెట్టుకోవాలి.

ఇప్పుడు గౌరవం సంగతి. దీని గురించే ఎక్కువ చెప్పాలి.

నాకు 27 ఏళ్లప్పుడు ఒక ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో కచేరీకి పిలిచారు. నేనే ప్రధాన కళాకారుణ్ణి. స్టేజీ ఎక్కగానే శాలువా కప్పారు. నిర్వాహకుల్లో పెద్దాయన మైకు తీసుకుని పావుగంట మాట్లాడారు. నా కళ్లు ఎలా పోయాయో, మా అమ్మ ఎంత ఏడ్చిందో, భగవంతుడు ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఎలా ఇస్తాడో చెప్పారు. ముందు వరసలో ఎవరో ముక్కు చీదడం వినబడింది. ఆ పావుగంటలో నేను ఏ రాగం వాయించబోతున్నానో ఒక్క మాట రాలేదు. ఆలస్యమైందని నా గంటన్నరను 40 నిమిషాలు చేశారు. అయిపోయాక కవరు ఇచ్చారు. దారిలో మృదంగం వాయించినాయన మొహమాటపడుతూ చెప్పారు, తన కవరులో 1,500 ఉన్నాయట. నా దాంట్లో 500, ఒక కొబ్బరికాయ, ఆరు అరటిపళ్లు.

వాళ్లు చెడ్డవాళ్లు కాదమ్మా. నన్ను చూసి నిజంగానే కరిగిపోయారు. నాకు శాలువా కప్పడం అంటే తాము ఒక మంచి పని చేసినట్టు అనుకున్నారు. మంచి పనికి కూలి ఇవ్వడం ఎవరికీ తోచదు కదా. అప్పటి నుంచి నేను రెండు పనులు మొదలుపెట్టాను. ఫోన్‌లో పిలిచినప్పుడే నా పారితోషికం ఎంతో చెప్పేస్తాను. పరిచయంలో నా గురువు పేరు, నేను వాయించబోయే కీర్తనలు చదవమని, కళ్ల గురించి మాట్లాడొద్దని అడుగుతాను. మరుసటి ఏడాది ఆ ఊరివాళ్లు పిలవలేదు. ఇంకో రెండు చోట్ల కూడా అలాగే జరిగింది. ఆ ఏడాది ఇంట్లో చాలా ఇబ్బందిపడ్డాం. కానీ ఆ తర్వాత పిలిచినవాళ్లు మాత్రం వయొలిన్ కావాలని పిలిచారు.

మీ పాప విషయంలో ఇది చిన్నప్పుడే మొదలవుతుంది. స్కూలు వార్షికోత్సవంలో పాడిస్తారు. "చూపు లేకపోయినా ఎంత బాగా పాడిందో" అంటారు. ఆ మాట విని మురిసిపోకండి. చూపు లేకపోయినా అనే మాట తీసేసి చూడండి, పాట బాగుందా లేదా? శ్రుతి జారితే జారిందని చెప్పే ఒక్క మనిషైనా ఆ పిల్ల జీవితంలో ఉండాలి. నాకు మా గురువుగారు ఉన్నారు. తప్పు వాయిస్తే కమానుతో మోకాలి మీద కొట్టేవారు, అందరినీ కొట్టినట్టే. కొట్టమని మీకు చెప్పడం లేదు. అందరితో సమానంగా చూశారని చెబుతున్నాను.

ఈ విషయంలో నాకు ఆకాశవాణి అంటే చాలా గౌరవం. అక్కడ ఆడిషన్లో మార్కులు వేసేవాళ్లకు మనం కనబడం, చెవితోనే తీర్పు. నాకు బి-హై గ్రేడు వచ్చిన రోజున మా ఆవిడ స్వీట్లు పంచింది. నేను మాత్రం ఆ ఉత్తరాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ గ్రేడులో జాలి ఒక్క పైసా కూడా లేదని నాకు తెలుసు.

అంధుల ఆర్కెస్ట్రాల గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. నేను 11 ఏళ్లు అలాంటి దాంట్లో వాయించాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, ఆఫీసు ఫంక్షన్లు. ఆ డబ్బుతోనే నేను నిలబడ్డాను, అందులో మంచి స్నేహితులు దొరికారు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని రాత్రి రెండింటికి బస్టాండులో నడిచిన రోజులు మర్చిపోలేను. కాబట్టి తక్కువ చేసి మాట్లాడను. కానీ బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో ఉండేది "అంధుల" అన్న మాటే. కీబోర్డు వాయించే కుర్రాడికి ఎంత విద్య ఉన్నా పేరు ఉండేది కాదు. మీ పాప అలాంటి బృందంలో చేరితే చేరనివ్వండి, సంపాదన నేర్చుకుంటుంది. తన పేరు మీద కచేరీ చేసే అలవాటు మాత్రం పోకుండా చూడండి.

మీ బంధువులు "సంగీతమే దిక్కు" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది బహుశా రైల్లో పాడేవాళ్లే. విశాఖ-పలాస ప్యాసింజర్‌లో చిడతలు పట్టుకుని తత్వాలు పాడే ఒకాయనను నేను చాలా ఏళ్లుగా ఎరుగుదును. ఇంజను మోతను దాటి పెట్టె చివరిదాకా వినబడే గొంతు ఆయనది. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో నాకే తెలిసేది కాదు. ఒకసారి ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు తత్వాలు నేర్చుకున్నాను. గురుదక్షిణగా పంచె, డబ్బు ఇస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 60 ఏళ్ల జీవితంలో తన పాటకు దక్షిణ అన్న పేరుతో డబ్బు రావడం అదే మొదటిసారి అన్నారు. ఆయనకు 11 ఏళ్లప్పుడు నేర్పే మాస్టారు దొరికి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. మీ ఊరి మాస్టారు పాపను పంపేశారని చదవగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే.

చూపు గురించే మాట్లాడుతున్నాను గానీ, నాకు తరచూ వాయించే మృదంగం విద్వాంసుడికి పోలియో. ఆయన సమస్య మెట్లు. నలుగురు పట్టుకుని స్టేజీ మీదకు ఎత్తుతుంటే కచేరీకి ముందే ఆయన మనసు విరిగిపోతుంది. ఒక చెక్క వాలు వేస్తే అయిపోయే పని. స్కాట్లాండ్‌లో ఎవెలిన్ గ్లెనీ అనే ఆవిడకు 12 ఏళ్లకల్లా వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. చెప్పులు విప్పి, కాళ్ల ద్వారా, ఒంటి ద్వారా ప్రకంపనలు తెలుసుకుంటూ తాళవాద్యాలు వాయిస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వాయించారు. లండన్‌లో పేరున్న సంగీత కళాశాల మొదట ఆమెను కాదంది. ఆమె పట్టుబట్టి మళ్లీ వినిపించుకుని చేరింది. కాదనడం ఒక్క మన ఊళ్లోనే కాదు, అన్ని చోట్లా ఉంది.

బతుకుతెరువు విషయానికి వస్తే, ఒక్క కచేరీలనే నమ్ముకోవద్దు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పెళ్లిళ్లు ఉండవు, చేతిలో పని ఉండదు. నాకు నెలనెలా నిలకడగా వచ్చేది పాఠాల డబ్బే. అందుకని సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు తప్పకుండా రాయించండి. విజయనగరం, విజయవాడ, హైదరాబాద్‌లాంటి చోట్ల ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి, తిరుపతిలో దేవస్థానం వారి కళాశాల ఉంది. థియరీ పరీక్షకు స్క్రైబ్ (మనం చెబుతుంటే రాసిపెట్టే మనిషి) కావాలని ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. ఆ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. పరీక్ష హాల్లో ఉన్నవాళ్లకు చాలాసార్లు తెలియదు, నాకూ ఒక చోట చూపించాల్సి వచ్చింది.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. అదే చట్టం 29వ సెక్షన్‌లో కళల కోర్సులను మనలాంటి వాళ్లు కూడా నేర్చుకునేలా మార్చాలని రాశారు. ఈ మాట సంగీత కళాశాలల్లో ఉన్నవాళ్లు కూడా చాలామంది చదవలేదు. అడ్మిషన్ దగ్గర ఎవరైనా "ఎలా చేర్చుకుంటాం" అంటే ఆ సెక్షన్ పేరు చెప్పండి. కేంద్రీయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టులు ఉంటాయి, దానికి డిగ్రీ కావాలి. చదువు ఆపొద్దని మొదట్లో చెప్పింది ఇందుకే. వైకల్యం ఎంత ఉందో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి. దాంతోనే పింఛను వస్తుంది, మా ఆంధ్రలో 2024 జూలై నుంచి నెలకు 6,000. రైల్లో చూపు లేనివాళ్లకూ, తోడు వచ్చేవాళ్లకూ టికెట్లో రాయితీ ఉంది. వేరే ఊరు వెళ్లి నేర్చుకోవాల్సి వస్తే అది బాగా కలిసొస్తుంది.

మాస్టారిని వెతికేటప్పుడు "మా పాపకు చూపు లేదండీ, నేర్పుతారా?" అని మొదలుపెట్టకండి. పాపను తీసుకెళ్లి ముందు పాట వినిపించండి. విన్నాక మాట్లాడండి. ఫీజు అందరిలాగే ఇస్తామని చెప్పండి, తగ్గించమని అడగొద్దు. తగ్గించి చెప్పేవాళ్లు పాఠం కూడా తగ్గించి చెబుతారు, నేను చూశాను.

మొదటి పది పన్నెండు క్లాసులు మీరు పక్కన కూర్చోండి. ఆ తర్వాత మెల్లగా బయట వరండాలోకి వచ్చేయండి. మా అమ్మ అలాగే మా గురువుగారి ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చునేది. ఒక రోజు తప్పు వాయించి తిట్లు తింటుంటే అమ్మ లోపలికి వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఇంటికి వెళుతూ దారిలో ఏమీ అడగలేదు కూడా. ఆ రాత్రి అదే వర్ణం తప్పు లేకుండా వచ్చేదాకా వాయించాను.